సిలువ కుట్టిన కవరు

తప్పు నాదే. అది ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

గురజాల అవతల మా మిషను బోర్డింగ్ స్కూల్లో నేను కుట్టు టీచర్ని. ఎనభై మూడు జూలైలో, వానలప్పుడు, ఇంగ్లాండు పక్కనున్న వేల్స్ నుంచి గ్వెన్ అనే పిల్ల జీతం లేకుండా ఇంగ్లీషు చెప్పడానికి వచ్చింది. ఇరవై మూడేళ్ళు. స్కూలు ఏడాది అయ్యేదాకా ఉంటానని రాసిచ్చింది, నచ్చితే ఇంకో ఏడాది. ఆమె గదికీ నా గదికీ మధ్య ఒకటే గోడ. అంతకు ముందు ఆ గది పదకొండేళ్ళు ఖాళీ. ఆ పదకొండేళ్ళూ నేను గోడను చూస్తూ అన్నం తిన్నాను. పక్కకు మనిషి వస్తోందని తెలిసి ఆ గదికి నేనే దగ్గరుండి సున్నం కొట్టించాను.

వచ్చిన వారానికి అట్టలు ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చి, నా బైబిలుకున్న నల్లగుడ్డ కవరు చూపించి, అలాంటిది కావాలని సైగ చేసింది. నాపరాళ్ళ క్వారీల దుమ్ము మా దగ్గర దేన్నీ వదలదు. ఎనిమిదో తరగతితో ఆగిన నా ఇంగ్లీషు ఆ సన్నక్షరాల జోలికి పోలేదు. దొరసాని చేతిలో లావు పుస్తకం బైబిలు కాక ఇంకేమవుతుంది? కవరు కుట్టి, నా సరదా కొద్దీ పైన తెల్లదారంతో సిలువ కూడా కుట్టాను. ఆమె దాన్ని చూసి ఏదో అనబోయి, నవ్వి ఊరుకుంది.

ఇక ఆ రోజు నుంచీ స్కూలు వదిలితే చాలు, చీకటి పడేదాకా వరండాలో ఆ నల్ల కవరుతోనే కూర్చునేది. ఇంగ్లీషు వచ్చిన టీచర్లు సాయంత్రం బస్సుకు గురజాల వెళ్ళిపోతారు. మిగిలిన మాకు ఒకటే తెలుసు, బైబిలు వాక్యం చదువుకునేవాళ్ళను పలకరించకూడదు. పంపుకు వెళ్ళే ఆడపిల్లలు ఆ వరండా ముందు చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు. వాచ్‌మన్ ఇశ్రాయేలు బాబాయి మేకల్ని కూడా అటు రానిచ్చేవాడు కాదు. వంట చేసే గ్రేసమ్మక్క గడప దగ్గర పళ్ళెం పెట్టి, మూత వేసి, చప్పుడు చేయకుండా వచ్చేసేది. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో ఆమె భక్తిని మెచ్చుకున్నారు. కవరు కుట్టింది నేనేనని చెప్పుకోకుండా ఒక్కరోజన్నా ఉన్నానా?

ఒకసారి చదువుతూ చదువుతూ పకపకా నవ్వింది. ఆత్మలో ఆనందమని గ్రేసమ్మక్క తేల్చేసింది. క్రిస్మస్ అయిన వారానికి ఏడ్చింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ముఖం కూడా దాచుకోకుండా, చాలాసేపు. నాకు మనసాగక లేచాను.

"యాడికే?" అని గ్రేసమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. "కన్నీటి ప్రార్థన అది. మధ్యలో పోయి చెడగొడతావా ఏంది?"

నిజమేననుకున్నాను. గోడ అవతల ముక్కు చీదుకోవడం వినపడుతూనే ఉంది. ఇవతల నేను అన్నం తిన్నాను.

ఏప్రిల్లో రెండో ఏడాది కాగితం వచ్చింది. సంతకం పెడుతుందనే నా నమ్మకం. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాదైనా మా ఇద్దరికీ మాటలు కలవకపోతాయా అని ఆశ. నాకు ఆ ఆశ చాలా ఉండేది, ఎవరికీ చెప్పలేదు గానీ. ఆమె సంతకం పెట్టలేదు.

ప్రయాణం ముందు రోజు పొద్దున నన్ను గదిలోకి పిలిచింది. ట్రంకు పెట్టె నిండా పుస్తకాలు. స్కూలుకు ఇచ్చేస్తుందట. ఒకదాని అట్ట మీద ఓడ, ఒకదాని మీద కుక్క, ఇంకోదాని మీద జుట్టు విరబోసుకున్న అమ్మాయీ, ఆమె నడుం పట్టుకున్న మగమనిషీ.

"ఇయ్యన్నీ ఎప్పుడు చదివావమ్మా?"

"ఇక్కడనే. మీరు కుట్టిన కవరులో." పాఠాల పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగు ఆమెది. "ఒకటి పూర్తి అయితే మరొకటి అందులో పెట్టాను. దుమ్ము పడలేదు."

ట్రంకు పక్కనే కూలబడ్డాను. "బైబిలనుకున్నామమ్మా. వాక్యంలో ఉన్నావని ఎవరం రాలా."

అర్థం కావడానికి ఆమెకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వుతుందనుకున్నాను.

"నేను మీకు ఇష్టం లేదు అనుకున్నాను," అంది. "ఎవరైనా వస్తే పుస్తకం మూయాలి అని కూర్చున్నాను. ప్రతిదినం రెండు కుర్చీలు వేశాను. మీరు చూడలేదా?"

చూడకపోవడమేంటి, చూశాం. రెండోది ప్రభువు కోసమని గ్రేసమ్మక్క అంటే అందరం తలూపాం.

"ఉండిపో తల్లీ. ఇయ్యాల్టి నుంచి నేనొచ్చి కూర్చుంటా," అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. టికెట్టు వచ్చేసింది, ఇంటికి ఉత్తరం కూడా రాసేసింది.

ఆ సాయంత్రం రెండో కుర్చీలో నేను కూర్చున్నాను. ఏడాది మాటలున్నాయి గానీ, ఇద్దరికీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. వాళ్ళమ్మ ఫోటో చూపించింది. మా అమ్మ పోయి చానాళ్ళయిందని చెప్పాను. మర్నాడు నరసరావుపేట బస్సెక్కింది.

కవరు నాకే ఇచ్చింది, ఓడ బొమ్మ పుస్తకం అందులో పెట్టి. జూన్లో స్కూలు తెరిచాక ఒక సాయంత్రం ఆ వరండాలోనే రెండు కుర్చీలు వేసి, మొదటి పేజీ కూడబలుక్కుంటూ కూర్చున్నాను. పంపుకు వెళ్తున్న పిల్లలు మాటలాపేశారు. తలెత్తి చూస్తే, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంటున్నారు. పిలుద్దామని నేను పుస్తకం మూసేసరికి వరండా దాటిపోయారు.

రెండో కుర్చీ అలాగే ఉంది.