పదకొండో గ్రిప్పు

నాలుగో గ్రిప్పు తుడిచేసరికే గుడ్డంతా జిడ్డోడిపోయింది. కొండయ్య దాన్ని గోడకేసి కొట్టాడు.

"కొబ్బరి నూనె! ఇనప స్ప్రింగుకి కొబ్బరి నూనె! ఆడి తలకి రాసుకోలేకపోయాడూ?"

వినడానికి అక్కడ ఎవరూ లేరు. పొద్దున్న ఆరైంది. మలికిపురం కొబ్బరి సంత వెనక, అచ్యుతరామయ్య వ్యాయామశాల. గోడకి వరసగా మేకులు, మేకులకి చేతిపట్టు పెంచే గ్రిప్పులు. రెండు చెక్క పిడులు, వాటి మధ్య చుట్ట తిరిగిన ఉక్కు స్ప్రింగు. మొత్తం పదకొండు. కాకినాడ నుంచి ఆటల ఆఫీసరుగారు సాయంత్రం చూడ్డానికి వస్తున్నారని, నిన్న కొండయ్య ఇంటికెళ్ళాక సెక్రటరీ చిట్టిబాబు అన్నిటికీ నిగనిగలాడేలా కొబ్బరి నూనె పూయించేశాడట. కోనసీమలో పుట్టినవాడికి తలకైనా, తలుపు బందుకైనా, మోకాలి నొప్పికైనా అదొక్కటే నూనె మరి!

గ్రిప్పుకి నూనె పెట్టడం కొండయ్యకి తెలిసినట్టు ఈ ఊళ్ళో ఇంకెవడికి తెలుసు? ముందు కిరసనాయిలు గుడ్డతో స్ప్రింగు మీది చెమట ఉప్పు తుడవాలి. చుట్ట లోపల కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వెయ్యాలి, రెండో చుక్క పడకూడదు. పదిసార్లు నొక్కి వదిలితే కిర్రుమనడం మానేస్తుంది. ఆఖరికి పిడుల్ని గుప్పెడు తవుడుతో రుద్దాలి. జిడ్డంతా తవుడు లాగేస్తుంది. పిడి గాట్లలో కాస్త తవుడు ఉండిపోయినా మంచిదే, చెమట పీలుస్తుంది.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అంతకుముందు కొబ్బరికాయలు ఒలిచేవాడు, రోజుకి వెయ్యి కాయలు. ఆ చేతులు చూసే అచ్యుతరామయ్యగారు పిలిచి తాళంచెవి ఇచ్చారు. "ఇక్కడ ఎవడి చెయ్యీ జారకూడదు కొండయ్యా. పూచీ నీది," అన్నారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లాజెల్లా లేని కొండయ్య దగ్గర ఆ మాట ఒక్కటే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఎవరూ శాలువా కప్పలేదు, గోడ మీద అతని పేరు రాయలేదు. చెయ్యి మాత్రం ఎవడిదీ జారలేదు.

పదింటికల్లా పది గ్రిప్పుల పని అయిపోయింది. పదకొండోది, అన్నిటికన్నా మొండిది, సెక్రటరీ గదిలో ఎర్రగుడ్డ మీద ఉంది.

"సెక్రటరీగారండీ, ఆ ఒక్కటీ ఇలా ఇప్పించండి. అరగంటలో తుడిచిచ్చేత్తాను."

"ఎలా మెరుస్తోందో చూడు కొండయ్యా! నీ తవుడు రుద్ది పాడుచెయ్యకు," అన్నాడు చిట్టిబాబు.

"మెరుపెవరిక్కావాలండీ? చెయ్యి జారుద్దండి."

"జారదులే. వెళ్ళి కుర్చీలెయ్యి."

కొండయ్య కుర్చీలేశాడు. ఒక్కో కుర్చీ నేల పగిలేలా వేశాడు. ఎడమ రెక్క లాగేస్తోంది. కోపమొస్తే అంతేలే అనుకున్నాడు.

సాయంత్రం ఆఫీసరుగారు వచ్చారు, దండ వేయించుకున్నారు, సరదాపడి ఎర్రగుడ్డ మీది గ్రిప్పు అందుకున్నారు. పళ్ళ బిగువున సగం నొక్కారో లేదో, పిడి సబ్బుముక్కలా జారింది. గ్రిప్పు ఎగిరొచ్చి ఆయన గడ్డానికి తగిలింది. నెత్తురు చిమ్మింది.

"నూనె పెట్టేది ఇతనేనండి," అన్నాడు చిట్టిబాబు, కొండయ్య వైపు వేలు చూపించి. ఒక్క క్షణం తడుముకోలేదు.

వందమంది ఇటు తిరిగారు.

"నేను కాదండి! ఆ కొబ్బరి నూనె నేను రాయలేదండి! ఇరవై రెండేళ్ళలో ఒక్కడి చెయ్యి..."

ఆఫీసరుగారు గడ్డానికి రుమాలు అదుముకుని, ఎంతో పెద్దమనసుతో నవ్వారు. "పోనీలెండి, పెద్దవాడు. క్షమించేశాను."

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు!

కొండయ్యకి ఒళ్ళు మండిపోయింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. కొడితే చెయ్యి పట్టుకోవచ్చు. చెయ్యని తప్పుకి నలుగురిలో క్షమించేస్తే ఏం చేసి చావాలి?

అందరూ పోయాక నేల మీద పడున్న గ్రిప్పు తీసుకున్నాడు. కిరసనాయిలుతో తుడిచి, చుట్టలో ఒక్క చుక్క వేసి, నొక్కడం మొదలెట్టాడు. ఆరోసారికి ఆగి ఎడమ రెక్క రుద్దుకున్నాడు. తనకొచ్చిన తిట్లన్నీ తిట్టుకుంటూ పదీ పూర్తిచేశాడు. తవుడు రుద్ది, మేకుకి తగిలించి, తాళం వేసి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్న తాళంచెవి పట్టుకుని వచ్చింది అతని భార్య బుల్లెమ్మ. చిట్టిబాబు ఇంటి అరుగు ముందు నిలబడింది.

"తెల్లారి లేపితే మా ఆయన లేవలేదండి. ఇది మీకిచ్చెయ్యాలి గదండీ."

చిట్టిబాబు తాళంచెవి అందుకున్నాడు. "ఏమన్నా అన్నాడా?" అని మాత్రం అడిగాడు.

"ఆయ్. కంచం దగ్గర ఒక్కటే అన్నాడండి. 'నన్ను క్షమించడానికి ఆడెవడే?' అన్నాడు. అన్నం ముట్టలేదండి."

చిట్టిబాబు వెళ్ళి వ్యాయామశాల తలుపు తీశాడు. పదకొండు మేకులకీ పదకొండు గ్రిప్పులున్నాయి. ఆఖరిదాన్ని తీసి నొక్కాడు. కిర్రుమనలేదు, జారలేదు. గబుక్కున మళ్ళీ మేకుకి తగిలించేసి వెనక్కి తగ్గాడు. పిడి గాట్లలో తవుడుతో అది అక్కడే ఊగుతూ ఉంది.