అంతా మిషన్‌లోనే ఉంది

నేను ఒక కీమా మిషన్ని. పోత ఇనుము ఒళ్లు, దాని మీద తగరం పూత, మాంసం వేయడానికి పైన ఒక నోరు, తిప్పడానికి పక్కన ఒక పిడి. నోరున్నా మాట లేదు. అది ఒక లోటని నాకు చాలాకాలం అనిపించలేదు.

హైదరాబాదు శివార్లలోని ఒక ఫౌండ్రీలో పుట్టాను. ఒక హోటల్లో పన్నెండేళ్లు సమోసాల కోసం తిరిగాను. ఆ హోటలు మూతపడ్డాక పాతసామాన్లమ్మే జుమ్మేరాత్ బజారులో ఫ్యాన్ల పక్కన నేల మీద పడి ఉంటే మౌలాలి ఎత్తి చూశాడు. పిడి రెండుసార్లు తిప్పి, బేరమాడి, సంచిలో వేసుకున్నాడు.

మౌలాలి దూదేకులాయన. పాలమూరు నుంచి వచ్చి యాకుత్‌పురాలో స్థిరపడిన పెళ్లిళ్ల వంటమనిషి. అతను చేసే లుఖ్మీకి పాతబస్తీ అంతా పేరు. మైదాపిండిని పొరలు పొరలుగా ఒత్తి, మధ్యలో కీమా పెట్టి, నలుచదరంగా కోసి నూనెలో వేయించేదే లుఖ్మీ. చెబితే ఇంతే. చేయబోతే కీమాలో చెమ్మ ఉందంటే చాలు, నూనెలో పడగానే పొట్ట విచ్చుకుంటుంది.

మౌలాలి లుఖ్మీ ఎన్నడూ విచ్చుకోలేదు. పెళ్లి పందిట్లో అందరికీ కనబడేలా నన్ను బల్లకు బిగించేవాడు. తోటి వంటవాళ్లు చుట్టూ చేరేవాళ్లు.

"ఉస్తాద్, కీమా గంత పొడిపొడిగ ఎట్లొస్తది నీకు?"

"అంత మిషన్లనే ఉంది" అనేవాడు నా నెత్తి మీద తట్టి.

మొదట్లో నేనూ నమ్మాను. ఉబ్బిపోయాను కూడా. తర్వాత తెలిసింది అసలు సంగతి. నేను తిప్పిన కీమా కబాబులకు పోయేది. లుఖ్మీ కీమా అతను తెల్లవారుజామున పరదా వెనక ఒక్కడే కూర్చుని, చింతమొద్దు మీద రెండు కత్తులతో కొట్టేవాడు. నేను మాంసాన్ని పిండుతాను, నీళ్లు కారతాయి. కత్తి పిండదు. తేడా అదొక్కటే. అతని మాట విని ముగ్గురు వంటవాళ్లు నాలాంటి మిషన్లు కొని పెళ్లిళ్లలో పరువు పోగొట్టుకున్నారు. నాకు నవ్వొచ్చింది. అప్పుడు నవ్వడానికేం, పరాయివాళ్లు కదా.

పెద్ద వంటవాళ్లు ఎవరికి నేర్పినా ఒక్కటి దాచుకుంటారు. మౌలాలి పెళ్లాం దగ్గర కూడా దాచాడు. పీరమ్మ ముప్పయ్యేళ్లు అతనికి ఉల్లిగడ్డలు కోసింది, పిండి తడిపింది. పందిట్లోకి మాత్రం పోలేదు. "నాకన్న చెప్పరాదు?" అని ఒకసారి అడిగితే, అలవాటైన నాలుక అదే జవాబు చెప్పింది.

పోయిన చలికాలం అతనికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. గంజి పోస్తే ఉమ్మేసేవాడు. రోజురోజుకూ మంచానికి అంటుకుపోతుంటే పీరమ్మకు ఒకటే పంతం పట్టుకుంది. ఆయన లుఖ్మీ ఆయనకు ఒక్క ముక్క తినిపించాలి. మంచం ఎదుటే నన్ను బల్లకు బిగించింది.

మొదటిసారి లుఖ్మీలు నూనెలోనే విచ్చుకున్నాయి. మౌలాలి ఎడమచేతి వేలు నా వైపు చూపించాడు.

"సన్నగ కాలేదా? ఇంకోపారి తిప్పుత, జర ఆగు" అంది పీరమ్మ.

రెండుసార్లు తిప్పింది. కీమా ముద్దయింది. మళ్లీ అదే వేలు. మూడోరోజు మూడుసార్లు తిప్పింది. అతను గొంతులోంచి ఏదో శబ్దం చేస్తూ, వేలు దించకుండా ఏడ్చాడు. ఆమె ఆ కన్నీళ్లు తుడిచి మళ్లీ పిడి పట్టుకుంది. నేను తిరగననలేను, నిజం చెప్పలేను. ఆ గదిలో నిజం తెలిసినవాళ్లం ఇద్దరం, ఇద్దరం మూగవాళ్లం. నా మీద నాకే అసహ్యమేసింది.

ఐదోరోజు నా నోట్లో సగం మాంసం ఉండగానే అతను పోయాడు. చావింట్లో నన్ను కడిగేదెవరు? ఆ మాంసంతోనే మూల పడ్డాను. కంపు కొట్టి, తుప్పు పట్టాను.

నలభయ్యో దినం ఫాతేహాకు పోయిన మనిషికి ఇష్టమైనవి వండి పెడతారు. మాంసం తెచ్చుకుని పీరమ్మ నన్ను బిగించింది. పిడి కదల్లేదు. వేడినీళ్లు పోసినా కదల్లేదు. విసుగొచ్చి, అతని వంటసామాన్ల సంచిలోంచి చింతమొద్దు, కత్తులు తీసి పొయ్యి దగ్గర కూర్చుంది. గంటసేపు కొట్టింది. కీమా పొడిపొడిగా వచ్చింది.

లుఖ్మీలు ఒక్కటీ విచ్చుకోలేదు. ఆమె ఒకదాన్ని విరిచి చూసింది. తర్వాత మొద్దు మీద ఏళ్లనాటి కత్తిగాట్లను చేత్తో తడిమింది. తలెత్తి నావైపు, ఖాళీ మంచం వైపు చూసింది.

"దీన్ని తీసెయ్యమన్నవా?" అంది. "తీసెయ్యమంటే నేను ఇంక ఇంక తిప్పితినయ్యా."

పళ్లెం నింపి ఫాతేహాకు పెట్టింది. వచ్చినవాళ్లంతా అచ్చం మౌలాలి చేతి రుచే అన్నారు. ఆమె మాత్రం ఒక్క ముక్క నోట పెట్టలేదు.

ఇప్పుడు మళ్లీ జుమ్మేరాత్ బజారులో ఉన్నాను. నిన్న ఎవరో ఒకాయన నన్ను ఎత్తి, పిడి కదలక, కింద పెట్టేసి పోయాడు. పెట్టేసినందుకు సంతోషించాను.