పేరుకే వెనక సీటు

మా మరిది తాగిన టీ కప్పు కడుగుతున్నాను. అతను వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాడు: "రెండు తలుపుల బండి నీకెందుకు వదినా? పైగా అంత పవరున్నది! రేసులకేమైనా వెళ్తావా?"

కప్పు అడుగున కరగని చక్కెర అంటుకుని ఉంది. దాన్ని వేలితో రుద్దుతూ, "స్కూలుకెళ్తాను," అన్నాను.

అతను నవ్వాడు. నేను జోకేశాననుకున్నాడు. ఈ ఇంట్లో నేను నిజం చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అలాగే అనుకుంటారు. "సరే, అంతగా ముచ్చటపడితే నేనూ వస్తాను. ఒంటరి ఆడమనిషి కనపడితే ఆ అమ్మేవాళ్ళు టోపీ పెట్టేస్తారు," అన్నాడు. అతను మంచివాడే. వాళ్ళన్నయ్య పోయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో కుళాయి కారినా, దీపం వెలగకపోయినా అడక్కుండానే వచ్చి చూస్తున్నాడు. అడక్కుండా చేసే సాయంలో చిక్కొకటుంది. నన్నడగాల్సిన వాటికి కూడా జవాబు అతనే చెప్పేస్తాడు. ఆయన దుస్తులు ఎవరికివ్వాలి, పాత బండి ఎవరికి అమ్మాలి, అన్నీ అలాగే తేలిపోయాయి. ఈ ఒక్క వస్తువైనా నేనే ఎంచుకోవాలని పట్టుబట్టి కూర్చున్నాను. ఆ పట్టుని పైకి చెప్పడం మాత్రం ఇంకా చేతకాలేదు. "సరే, రా," అన్నాను.

మా ఇంటికి మొదటి బండి వచ్చినప్పుడు ముందు సీటు అత్తగారిదైంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, వెనక సీట్లో కాళ్ళు చాపుకునే వీలుండదు. అందులో అన్యాయమేమీ లేదనే అనుకున్నాను. వెనక నేను, నా ఒళ్ళో పిల్లవాడు, కాళ్ళ దగ్గర మంచినీళ్ళ సీసాలు, వాడికి వాంతి వస్తే పట్టడానికి ఒక చేతిలో కవరు. ముందు వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. సగం మాటలు ఇంజను చప్పుడులో పోయేవి. "ఏమన్నారు?" అని నేనడిగితే, "నీక్కాదులే," అనేవారాయన. తర్వాత పగటిపూట అత్తగారిని ఆస్పత్రికి తిప్పే మనిషి కావలసి వచ్చి నాకు డ్రైవింగు నేర్పించారు. అప్పుడు మాత్రం ఆవిడ మోకాళ్ళు వెనక సీటులో హాయిగా పట్టేవి. "పోనీవే డ్రైవరమ్మా," అని నవ్వేవారు. ఆదివారం ఆయన ఇంట్లో ఉంటే తాళం మళ్ళీ ఆయన చేతికి, నేను మళ్ళీ వెనక్కి. నడిపితే డ్రైవర్ని, నడపకపోతే సామాన్ని. అత్తగారు పోయాక ముందు సీటు ఖాళీ అయింది. ఆ తర్వాత మొదటిసారి బయటికి వెళ్ళేటప్పుడు నేను ముందు తలుపు తీసి నిలబడ్డాను. సీటు మీద ఆయన ఆఫీసు సంచి ఉంది. దాన్ని తీయబోయి, ఎందుకో ఆగి, "నీకు వెనక అలవాటేగా," అన్నారు. విసుగ్గా కాదు, నాకేదో సదుపాయం చేస్తున్నట్టు అన్నారు. నేను తలుపు మూసి వెనక్కెళ్ళి కూర్చున్నాను. అంతే, సంచి అక్కడే స్థిరపడింది.

జబ్బుపడ్డాక ఆయన వెనక పడుకుంటే నేను ఆస్పత్రికి నడిపేదాన్ని. ఒకరోజు ముందు ఒక లారీ నత్తలా పోతోంది. పక్కన రోడ్డు ఖాళీ. ఆలోచించకుండానే గేరు మార్చి దాటించేశాను. "ఇంత బాగా ఎప్పుడు నేర్చుకున్నావ్?" అని వెనకనుంచి గొంతు వినపడింది. "అత్తయ్యని తిప్పినప్పుడు," అన్నాను. ఆయన తల కాస్త ఎత్తి చూశారు. తర్వాత, "ఇక్కణ్ణుంచి నీ మొహం కనపడదు కదా," అన్నారు. ఫిర్యాదు కాదు, అప్పుడే తెలుసుకున్న సంగతి. ఇన్నేళ్ళూ నాకు కనపడింది ఆయన మెడ వెనక భాగమేనని చెప్పాలనిపించింది. జబ్బుమనిషితో అనే మాట కాదు. పైనున్న అద్దం కాస్త వంచాను. అందులో ఆయన కళ్ళు మాత్రం కనపడ్డాయి. ఆ ప్రయాణాల్లో మేము మాట్లాడుకున్నన్ని మాటలు అంతకుముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అవి కూడా ఎక్కువ కావు.

మరి ఇలాంటి బండి మీద మనసెప్పుడు పడిందంటే, స్కూల్లో సాయంత్రం గేటు డ్యూటీ చేసేటప్పుడు. పిల్లల్ని ఎవరి బండి వాళ్ళకి ఎక్కించి పంపడం నా పని. కళ్ళ డాక్టరమ్మ తన కూతురి కోసం రెండు తలుపుల బండిలో వచ్చేది. దాని వెనక సీటు పేరుకే. పుస్తకాల సంచి పెడితే నిండిపోతుంది. ఆ పిల్ల తల్లి పక్కన కూర్చోవాల్సిందే, వేరే దారి లేదు. బండి కదలకముందే ఇద్దరూ కబుర్లలో పడిపోయేవాళ్ళు. వాళ్ళు మలుపు తిరిగాక ఇంజను ఒక్కసారి గొంతు పెంచేది. ఆ చప్పుడు కోసం నేను చెవి రిక్కించి నిలబడేదాన్ని. స్టాఫు రూములో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సంధులూ సమాసాలూ చెప్పే మనిషికి ఇంజను చప్పుడంటే ఇష్టమంటే ఏడాది పొడుగునా నవ్వుకుంటారు.

కొత్తది కొనాలంటే నేను దాచుకున్న జీతానికి రెండు తలుపుల్లో ఒకటొస్తుంది. అందుకే పాతది. ఇలాంటివి పాతబడ్డాక ధర పడిపోతుందిగానీ, బాగుచేయించే ఖర్చు తగ్గదు. కాబట్టి రిపేర్ల కోసం కొంత పక్కన పెట్టి, మిగిలినదాంట్లోనే కొనాలి. ఇదంతా నెలల తరబడి చదివి తెలుసుకున్నాను, పరీక్ష పేపర్లు దిద్దే బల్ల మీదే.

పాత బళ్ళు అమ్మే చోట నా లెక్కకి అందేవి రెండున్నాయి. నల్లది అద్దంలా మెరుస్తోంది. మరిది దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, "అబ్బ, ఏముంది వదినా!" అన్నాడు. నేను వంగి టైర్లు చూశాను. నాలుగూ నాలుగు కంపెనీలవి. అంత బండి కొని టైర్ల దగ్గర పీనాసితనం చేసినవాడు ఇంజను ఆయిలు వేళకి మార్పించి ఉంటాడా? ఇస్త్రీ చొక్కా వేసుకుని, హోంవర్కు చేయకుండా వచ్చే పిల్లలు నాకు కొత్త కాదు. బానెట్టు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. చల్లటి ఇంజను మొరాయిస్తుందని ముందే వేడిచేసి పెట్టారన్నమాట. "ఇది వద్దు," అన్నాను.

రెండోది బూడిదరంగుది. ఎక్కువ తిరిగిన బండి. డ్రైవరు సీటు తోలు ఒక అంచున అరిగిపోయింది. కానీ టైర్లన్నీ ఒకటే రకం, ఇంజను చల్లగా ఉంది, మొదటిసారికే శుభ్రంగా పలికింది. బ్రేకు డిస్కుల మీద మాత్రం లోతుగా గీతలు పడ్డాయి, మార్చాల్సిందే.

"మేడంకి రంగు నచ్చినట్టుంది," అన్నాడు అమ్మే అతను, మా మరిదితో.

"గేరుబాక్సు ఆయిలు ఎప్పుడు మార్చారు?" అన్నాను.

"పోయినేడే మార్చారు సార్," అన్నాడు మరిదితోనే.

"అడిగింది నేను."

"అవును మేడం," అని ఇటు తిరిగాడు. మళ్ళీ అటే తిరిగి, "సార్, ఒక రౌండు వేసి రండి. దీని పికప్పు చూస్తే వదలరు," అని తాళం అతని చేతిలో పెట్టాడు.

ఆ తాళం నాకివ్వమని అనాలి. అనడానికి మాట వెతుక్కుంటున్నాను. ఈలోగా నా చేతులు వాటి పని అవి చేసేశాయి. తలుపు తీశాను, ముందు సీటుని మడిచాను, వెనక్కి దూరి కూర్చున్నాను. ఎవరూ అలా చేయమనలేదు. ముందు సీటు ఖాళీగా ఉంది, దాని మీద ఏ సంచీ లేదు. అమ్మే అతను నన్నూ, ఆ ఖాళీ సీటునీ మార్చి మార్చి చూశాడు. మరిదికి వింతగా కూడా అనిపించలేదు. అద్దం సర్దుకుని బయల్దేరాడు.

మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. తల వంచకపోతే పైకప్పు తగులుతోంది. "ఇదీ బండంటే!" అంటున్నాడు మరిది, ఎదుటి అద్దంతో. ఇంజను అరుస్తోంది. నేను అన్ని సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి విన్న చప్పుడే, ఇప్పుడు నడుము కింద వణుకుతోంది, కానీ అది నాది కాదు.

"ఆపు," అన్నాను.

"ఆఁ?"

"ఆపమన్నాను."

ఆపాడు. దిగుదామంటే నా పక్కన తలుపు లేదు. ముందునుంచి ఎవరైనా సీటు మడిచి దారి ఇవ్వాలి. అతను దిగి, చుట్టూ తిరిగొచ్చి, మీట ఎక్కడుందో తెలియక తడుముతున్నాడు. "ఒక్క నిమిషం వదినా, ఒక్క నిమిషం." నేను లోపల ముడుచుకుని చూస్తున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. ఆయన్ని తీసుకెళ్ళిన రోజున కూడా అందరికీ మంచినీళ్ళందిస్తూ ఉండిపోయాను. అప్పుడు రానిది ఈ ఇరుకులో వచ్చింది. సీటు మడతపడేలోపు కళ్ళు తుడుచుకున్నాను.

"తాళం ఇలా ఇవ్వు. నువ్వు ఇటు కూర్చో," అన్నాను.

రోడ్డు ఎక్కాక కాలు కాస్త నొక్కాను. వీపు సీటుకి అతుక్కుపోయింది. ఇంత వయసొచ్చాక నా పాదం కింద ఇంత బలం ఉందని ఒప్పుకోవడానికి సిగ్గేసింది, ఆ వెంటనే సిగ్గు పోయింది. మరిది తన వైపు లేని బ్రేకుని నేల మీద తొక్కుతున్నాడు. "మెల్లగా వదినా, మెల్లగా! నాకు పిల్లలున్నారు!"

నవ్వొచ్చింది. చాలా రోజులకి.

కాస్త కుదుటపడ్డాక అతను నెమ్మదిగా అడిగాడు: "ఒక మాట చెప్పు. అన్నయ్య ఉంటే నిన్నీ బండి కొననిచ్చేవాడంటావా?"

'ఎందుకు కొననిస్తారు' అని నోటిదాకా వచ్చింది. అలా అనేస్తే మిగిలిన బతుకంతా సుళువుగా వెళ్ళిపోతుంది, తప్పు ఒకరి మీదే ఉంటుంది. కానీ అద్దంలో కనపడ్డ ఆ కళ్ళు అలాంటి మనిషివి కావు. అడిగితే ఆయన ఆశ్చర్యపోయేవారు. రెండు రోజులు గొణిగేవారు. మూడో రోజు వచ్చి పక్కన కూర్చునేవారు. నేను అడగలేదు. అడగకుండా ఉండేలా నన్ను తయారుచేయడానికి ఎవరూ పెద్దగా కష్టపడలేదు. ఆయన అయితే అసలు కష్టపడలేదు, గమనించలేదంతే. ఇద్దరం ఒకే బండిలో, ఒకే రోడ్డు మీద, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా జీవితం గడిపేశాం.

"కొననిచ్చేవారు," అన్నాను.

అతను నా వంక చూశాడు. ఆ జవాబు అతనికి నచ్చిందో లేదో తెలియలేదు. కిటికీలోంచి వెనక్కి తిరిగి చూశాడు.

"వదినా, బళ్ళమ్మే వాళ్ళ గేటు దాటిపోయాం."

"చూశాను," అన్నాను. "ఇంకొంచెం దూరం పోయి తిరుగుదాం. బ్రేకు డిస్కులు వాళ్ళ ఖర్చుతో మార్చి ఇస్తే ఇది తీసుకుంటాను. ఆ మాట అక్కడ నేను చెబుతాను. నువ్వు మాట్లాడకు."