మూడో విజిల్

“పప్పు పలుకు పలుకుగా ఉండాది. పళ్లు లేని నోటికి ఇదేం శిచ్చమ్మే, రేవతీ?” దేవకమ్మ పొద్దున్నే కంచం పక్కకు నెట్టింది.

“గిన్నెలో ఉడికిస్తే అంతే అత్తా. కుక్కర్ పెడితే ఏమయ్యేదీ మీకు తెలీదా?”

“మూడు విజిళ్లకే ఇల్లు కూలిపోతాదా?”

రేవతి కంచం తీసేసింది. కూలేది ఇల్లు కాదు, భర్త జయచంద్ర. సైన్యం నుంచి వచ్చిన ఈ నాలుగేళ్లలో విజిల్ వినబడితే చాలు, ఫిరంగి గుండు వచ్చి పడుతోందని నేలకు కరుచుకుపోయేవాడు. లేచాక నేరుగా సీసా దగ్గరికే నడిచేవాడు. మందు మానేసి ఈరోజుకు నలభై ఒక్క రోజులు. అందుకే కుక్కర్ మంచం కిందికి చేరింది.

పదకొండు గంటలకు తిరుపతి నుంచి నూర్ అహ్మద్ వచ్చాడు. మాజీ హవల్దారు. తాను మందు మానేసి ఆరేళ్లయింది. జయచంద్రను మందు మాన్పించే ఆస్పత్రిలో చేర్పించిందీ ఆయనే. ఈసారి వెంట ఐరాల ఊరి మునస్వామిని తెచ్చాడు. అతనూ సైనికుడే, నిన్ననే ఆస్పత్రి నుంచి బయటికొచ్చాడు. చేతిలో మజ్జిగ గ్లాసు వణుకుతోంది.

“నువ్వే ఇతనికి ఏమన్నా చెప్పు, జయచంద్రా,” అన్నాడు నూర్.

“నేనేం చెప్పేది భాయ్? నాకే ఇంకా తెలీదు.”

అప్పుడే వంటింట్లో కుక్కర్ కూసింది. రేవతి పెరట్లో బట్టలు ఆరేస్తుంటే దేవకమ్మ చూసి చూసి తానే కుక్కర్ బయటికి తీసి పొయ్యెక్కించింది.

రేవతి పరుగున వచ్చేసరికి గ్లాసు దొర్లుతోంది. మునస్వామి మంచం కిందికి దూరాడు. జయచంద్ర కూడా నేల మీదే ఉన్నాడు. నలభై ఒక్క రోజులూ పోయాయనుకుంది.

కానీ అతను మంచం వైపు పాకుతున్నాడు. ముఖమంతా చెమట.

“పప్పేనప్పా, మునస్వామీ. మా అమ్మ పెట్టినాది. మూడు విజిళ్లు రావాల. ఒకటి అయిపోయినాది. ఇంకోటి వస్తాది, నా చెయ్యి పట్టుకో.”

రేవతి పొయ్యి ఆపబోయింది. వద్దని తల ఊపాడు.

కూత వచ్చింది. పట్టుకున్న రెండు చేతులూ బిగుసుకున్నాయి. “రెండు,” అన్నాడు జయచంద్ర.

మళ్లీ కూసింది. ఈసారి లెక్క మంచం కిందనుంచి వినిపించింది. “మూడు.”

రేవతికి ఒళ్లు జలదరించింది. తిరుమల కొండ మీద గర్భగుడి ముందు నిలబడ్డప్పటిలా చేతులు వాటంతటవే జోడయ్యాయి. తాను వణుకుతూనే ఇంకొకరి వణుకు పట్టుకున్న మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు.

“తప్పు నాదే నాయనా,” అంది దేవకమ్మ. మళ్లీ ఊరుకోలేక, “అయినా పప్పు సూడు, ఎంత మెత్తగా ఉండాదో!” అంది.

మునస్వామి ఫక్కున నవ్వేశాడు. జయచంద్ర ముద్ద కలుపుతూ తలెత్తాడు.

“రేవతీ, మునస్వామి నలభై రోజులు ఈడనే ఉంటాడు. నూర్ భాయ్‌కి చెప్పేసినాను. ఇంక కుక్కర్ దాచొద్దు, రోజూ పెట్టు. ఎన్ని విజిళ్లో ముందు చెప్పు, సాలు.”