ఎవరి కార్డు?

లైబ్రరీ పీరియడు నలభై నిమిషాలు. పుస్తకాలు తిరిగివ్వడానికి పది, కొత్తవి ఏరుకోవడానికి పది, కూర్చుని చదువుకోవడానికి పదిహేను. మిగిలిన ఐదు నిమిషాలే ప్రాణం తీసేవి. బెంచీల కింద కాళ్ళు ఊగడం మొదలవుతుంది, ఒకడు పక్కవాడి చొక్కా లాగుతాడు, గంట కొట్టేలోగా గది సంతయిపోతుంది. అవతలి గదిలోంచి లెక్కల మాస్టారు స్కేలుతో గోడ మీద టకటకా కొడతాడు.

అందుకని లైబ్రరీ మేడమ్ ఆ ఐదు నిమిషాలకూ ఆటలు కనిపెట్టింది. కళ్ళు మూసుకుని, పుస్తకం బరువు చూసి పేజీలెన్నో చెప్పడం ఒకటి. తను ఒక వాక్యం చదివి ఆపితే, తర్వాతేం జరిగిందో ఎవరికి తోచినట్టు వాళ్ళు అల్లడం ఇంకొకటి. తనిఖీకి వచ్చిన పెద్దాయన, ఈ గదిలో ఒక్క నిమిషం కూడా వృథా పోవడం లేదని సందర్శకుల పుస్తకంలో రాసి వెళ్ళాడు. ఆ మాటను ఆమె నెల్లాళ్ళు నెమరేసుకుంది.

పిల్లలు పడి చచ్చే ఆట మాత్రం ‘ఎవరి కార్డు?’. ఒక్కొక్కళ్ళకూ ఒక అట్టకార్డు ఉంటుంది. తీసుకెళ్ళిన పుస్తకం పేరు అందులో రాసి, పక్కన తేదీ ముద్ర వేస్తారు. మేడమ్ పెట్టెలోంచి ఒక కార్డు లాగి, పైనున్న పేరు బొటనవేలితో మూసి, పుస్తకాల వరస చదువుతుంది. అవి చదివిందెవరో మిగతావాళ్ళు పట్టుకోవాలి. వరసగా దయ్యాల కథలైతే ఫలానా వాడని గదంతా ఒక్కసారే అరుస్తుంది, వాడు లేచి దండం పెడతాడు.

ఆరోజు ఏడో తరగతి. మేడమ్ చెయ్యి పెట్టి కార్డు లాగింది. ముందు తను చూసుకోవాలని తోచలేదు.

“మొదటి పుస్తకం, బాతుపిల్ల గొడుగు.”

కిసుక్కుమన్నారు. అది ఒకటో తరగతి వాళ్ళ అరలోది. పేజీకో బొమ్మ, బొమ్మకో చిన్న వాక్యం.

“రెండోది, బాతుపిల్ల గొడుగు. మూడోది...”

అక్కడ ఆపి కార్డు లోపల పడేసి ఉంటే సరిపోయేది. కానీ ముప్పైమంది తన నోటికేసే చూస్తుంటే మనిషికొక ఊపు వస్తుంది. ఆ ఊపులో పదకొండుసార్లూ ఆ పేరే రాగం తీసి చదివింది. చదివి ఊరుకుందా, “ఎవరర్రా ఇది? ఆ బాతుపిల్లకి ఇంకా వాన వెలవలేదా?” అని కూడా అంది.

గది గొల్లుమంది. నోరు మూతపడదని అందరూ రేడియో అని పిలిచే కుర్రాడు లేచాడు. “బాతే వచ్చి తీసుకెళ్తోందేమో మేడమ్.”

మేడమ్ కూడా నవ్వింది. నవ్వుతూనే బొటనవేలు కాస్త జరిపి పేరు చూసింది. తర్వాత కిటికీ పక్క బెంచీ చివరికి చూసింది. అక్కడ కూర్చునే పిల్లను తరగతంతా నిదానం అంటారు. ఆ పిల్లా నవ్వుతోంది. అందరికంటే గట్టిగా నవ్వుతోంది. కళ్ళు మాత్రం మేడమ్ బొటనవేలి మీదే ఉన్నాయి.

“పేరు చెప్పండి మేడమ్.”

“ఏదో పాత కార్డులే, ఇందులో కలిసింది,” అంది మేడమ్. అబద్ధమాడటం అలవాటు లేని గొంతు, అతకలేదు.

“నిదానం చెవులు చూడండ్రా, ఎలా ఎర్రబడ్డాయో,” అన్నాడు రేడియో.

గంట కొట్టారు. ఆ పిల్ల సంచిలోంచి బాతుపిల్ల పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది.

ఖాళీ గదిలో మేడమ్ ఆ కార్డు పట్టుకుని కూర్చుంది. పదకొండు ముద్రలు. పదకొండూ తన చేత్తో గుద్దినవే. ప్రతిసారీ తను అన్న మాట కూడా గుర్తొచ్చింది: “జరుగమ్మా, వెనక వాళ్ళున్నారు.” చదువుకునే పదిహేను నిమిషాల్లో ఆ పిల్ల పక్కమ్మాయి పేజీ తిప్పినప్పుడే తనూ తిప్పేది. అదీ చూసింది. చూసి, బుద్ధిమంతురాలనుకుంది.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే, భర్త కారణమడిగాడు. ఆయన బస్సు కండక్టరు. అంతా విని, “పదకొండుసార్లు టికెట్టు కొట్టావు గానీ, ఎక్కడ దిగాలమ్మా అని అడగలేదన్నమాట,” అన్నాడు. ఓదారుద్దామనే అన్నాడు. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

తర్వాతి వారం నిదానం పుస్తకమేదీ తీసుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం చూస్తూ కూర్చుంది. ఆఖరి ఐదు నిమిషాలకూ మేడమ్ ఏ ఆటా పెట్టలేదు. పిల్లలు గోల చేశారు, లెక్కల మాస్టారు గోడ కొట్టాడు. కొట్టనీ అనుకుంది.

మధ్యాహ్నం కుళాయి దగ్గర ఆ పిల్ల ఒక్కతే దొరికింది.

“తప్పు నాదమ్మా. వచ్చే పీరియడులో అందరి ముందూ చెప్తాను.”

“వద్దు మేడమ్. ఇప్పుడిప్పుడే మర్చిపోతున్నారు. మీరు చెప్తే మళ్ళీ గుర్తొస్తుంది.”

క్షమాపణ చెప్పుకునే దారి కూడా లేకపోయింది. మేడమ్ గొంతు తగ్గించింది. “చదవడం కష్టంగా ఉందా తల్లీ?”

ఆ పిల్ల కుళాయి కట్టేసి, మళ్ళీ తిప్పింది. “అక్షరాలన్నీ వచ్చు. పక్కపక్కన పెడితేనే కలవవు. అదొక్కటే నాకు మొత్తం వచ్చిన పుస్తకం.”

“బడి వదిలాక రోజూ అరగంట నా దగ్గర కూర్చో. కలుపుదాం.”

“ఎందుకు కూర్చుంటున్నావని అడుగుతారు మేడమ్.” కాసేపు ఆలోచించింది. “పనిష్మెంట్ అని చెప్పండి. పుస్తకం చించానని.”

“చెయ్యని తప్పు నీ నెత్తిన ఎలా రుద్దను?”

“ఫర్వాలేదు మేడమ్. చించినవాళ్ళని ఎవరూ ఎగతాళి చెయ్యరు.”

మేడమ్ సాయంత్రం క్లాసు టీచరుకు చీటీ రాసింది: పుస్తకం చించినందుకు ఈ విద్యార్థిని రోజూ అరగంట లైబ్రరీలో ఉండాలి. కింద సంతకం పెట్టడానికి రెండుసార్లు కలం తీసి, మూడోసారి పెట్టింది.

క్లాసు టీచరు చదివి ముక్కున వేలేసుకుంది. “ఎంత నెమ్మదస్తురాలనుకున్నాను. పోనీలెండి, మీరు చూసీ చూడనట్టు వదిలెయ్యలేదు, మంచి పని చేశారు.”

“ఊఁ,” అంది మేడమ్, నేల చూస్తూ.

మర్నాడు బడి వదిలారు. మేడమ్ అరల వెనక పలచటి పుస్తకాలు ఏరుతోంది. గుమ్మం దగ్గర రేడియో గొంతు వినిపించింది, ఎగతాళి లేదు, కాస్త గౌరవమే ఉంది.

“నిజంగా చించావా? ఏ పుస్తకం?”

“లావుది,” అంది ఆ పిల్ల.

అరల వెనక మేడమ్ చేతిలో పుస్తకాలు పట్టుకుని, వాడు వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడిపోయింది.