లోపాలకు వాటాలు

కళ్లజోళ్ల షాపతని ఇంట్లో లోపాలకు కూడా వాటాలుండేవి. రంగు తల్లి తరఫుది, చదువు తండ్రి తరఫుది. గురక, మతిమరుపు మాత్రం కోడలి పుట్టింటివారివి, అవి ఆమె కాపురానికి రాకముందు నుంచీ ఆ ఇంట్లో ఉన్నా సరే.

పెళ్లయి ఐదేళ్లయినా పిల్లలు లేకపోవడం కూడా కోడలి వాటాలోనే పడింది. అత్తగారు ఆమెకు ఆకుకూరలు, నడక, మనశ్శాంతి సూచించారు. మూడోదానికి అడ్డం తానేనని ఆవిడకు తోచలేదు.

చివరికి ఆమె భర్త, ఆ షాపతను కూడా పరీక్ష చేయించుకున్నాడు. అతని వై క్రోమోజోములో ఒక ముక్క లేదనీ, అందుకే వీర్యకణాలు బాగా తక్కువనీ డాక్టరమ్మ చెప్పింది. ఉన్నవాటిలో ఒకదాన్ని సూదితో అండంలోకి ఎక్కిస్తే బిడ్డ పుట్టొచ్చు. ఆడపిల్లకు ఈ బెడద ఉండదు. మగపిల్లాడికి మాత్రం ఆ వై తండ్రి నుంచే వస్తుంది, లోపంతో సహా. ముందే తెలిస్తే వాడు వయసులో ఉండగానే కణాలు దాచుకోవచ్చు.

బస్టాపులో అతను వద్దనేశాడు.

"తెలిసి తెలిసి వాడికెలా అంటగడతాను?"

"మీ పిసినారితనం కూడా వస్తుంది. దానికి భయపడ్డామా?" అంది భార్య. "మీకెవరూ చెప్పలేదు. వాడికి మనం చెప్తాం. కానీ ముందు ఇంట్లో చెప్పండి. ఇవాళ అమ్మకి చెప్పలేనివాళ్లు రేపు కొడుక్కేం చెప్తారు?"

భోజనాల దగ్గర చెప్పేశాడు. తమ వంశంలో అలాంటివి లేవని తండ్రి కొట్టిపారేశారు, నువ్వు పుట్టడమే దానికి సాక్ష్యమన్నారు. ఇది తనతోనే మొదలై ఉండొచ్చని కొడుకు నచ్చజెప్పాడు. తల్లి ఓ దారి చెప్పింది.

"బయట మాత్రం లోపం కోడలిదే అందాం. దానికెలాగూ అలవాటేగా."

కోడలు పప్పు వడ్డిస్తూ ఆగిపోయింది. అతను చెయ్యి కడుక్కొచ్చి పిన్నికి ఫోన్ చేశాడు. పిన్నికి తెలిస్తే బంధువులందరికీ తెలిసినట్టే. ఎప్పటిలాగే ఆవిడ, కోడలు ఏమైనా విశేషం చెప్పిందా అని మొదలుపెట్టింది.

"తనకేం లేదు పిన్నీ, లోపం నాలో ఉంది. వచ్చే నెల్లో వైద్యం మొదలుపెడుతున్నాం. కొడుకు పుడితే వాడికీ ఉంటుంది. వాడికీ నేనే చెప్తా."

పిన్నికి మాట రాకపోవడం ఆ వంశంలో అదే మొదలు. గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పనులే నాయనా అంది.

"అందరికీ చెప్పు పిన్నీ," అన్నాడతను. "నాకు శ్రమ తప్పుతుంది."