వెయ్యి ఎనభై ఆరు

"నీకేం, ప్రాక్టికల్సేగా. నిలబడి చూస్తే చాలు" అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ.

ఇద్దరూ ఒకే కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. పాఠాలు ఆయనవి, లాబ్ ఆమెది. పాఠానికి ముందురోజు చదువుకోవాలట, లాబ్‌కి అక్కర్లేదట. అందుకని ఇంటిపని ఎవరిదో వేరే చెప్పుకోనక్కర్లేదు. పదిహేనేళ్ళు వినీ వినీ ఆమె కూడా నమ్మేసింది. నిలబడేది, చూసేది, సంతకం పెట్టేది.

ఆ రోజు లోలకం ప్రయోగం. గురుత్వ త్వరణం సెంటీమీటర్ల లెక్కలో తొమ్మిది వందల ఎనభై రావాలి. అందరి రికార్డుల్లోనూ వచ్చింది, ఆమె సంతకాలూ పెట్టేసింది. ఒక్క పిల్ల మాత్రం వెయ్యి ఎనభై ఆరు అని రాసి తెచ్చింది.

"మూడుసార్లు చేశాను మేడమ్. ఇదే వస్తోంది."

హెచ్‌ఓడీ తొంగిచూసి నవ్వాడు. "దిద్దించి సంతకం పెట్టమ్మా. రేపు ఎగ్జామినర్ చూస్తే ఆ పిల్లకి మార్కులు పోతాయి, నీకు లాబ్ కూడా చేతకాదంటారు."

ఆమె పెన్ను తీసింది, ఆగింది. చెయ్యి తడబడితే ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ రావాలి. మూడుసార్లూ ఒకే వైపు పోవడమేమిటి?

"నా ముందు చెయ్యి."

పిల్ల గుండు వదిలి, స్టాప్‌వాచ్ నొక్కి, "ఒకటి" అంది.

వదిలినప్పుడు సున్నా కదా అనాలి. ఇరవై అనుకుని లెక్కపెట్టినవి పందొమ్మిది ఊపులే. ఊపుకి పట్టే కాలం తక్కువగా తేలి, జవాబు ప్రతిసారీ ఎక్కువ వస్తోంది. ఇంకో నలుగురిని పిలిచి చేయించింది. నలుగురూ "ఒకటి" అనే మొదలుపెట్టారు. అంటే తప్పు అందరికీ వచ్చింది. జవాబు ముందే తెలుసు గనుక మిగతావాళ్ళు వెనక నుంచి లెక్క కట్టి రీడింగులు రాసుకున్నారు. ఇన్నేళ్ళూ వాటికి సంతకాలు పెట్టింది తాను. తానైనా అంతేగా. "అలిసిపోయావా" అని అత్తగారు అడిగితే "లేదండీ" అనేది. ఏ జవాబు రావాలో తెలుసు మరి.

సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, ఎన్నాళ్ళకో, హుషారొచ్చింది.

రికార్డులన్నీ తెప్పించి తన సంతకాలు తనే కొట్టేసింది. "సాయంత్రం దాకా ఉండి మళ్ళీ చేద్దాం. ఏది వస్తే అది రాయండి. ఎందుకు వచ్చిందో చెప్పండి, నా మార్కులు దానికే."

"ఏంటమ్మా ఇది?" అన్నాడు హెచ్‌ఓడీ.

"నేర్పుతున్నాను సార్. ఇన్నాళ్ళూ నేర్పలేదు."

తర్వాత భర్తకి ఫోన్ చేసింది. "నాకు ఆలస్యమవుతుంది. వంట మీరు చెయ్యండి."

"నాకెక్కడొచ్చు?"

"చెయ్యండి. ఎలా వస్తే అలాగే తిందాం."